తుప్పులో తేలిన చెయ్యి

చావదలచుకున్నవాడు కుంచె కడుక్కుంటాడా?

షెడ్డులో అడుగుపెట్టినప్పటి నుంచి ఈ ఒక్క ప్రశ్న లింగమూర్తికి పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. ఎర్రవాగు మాంగనీసు గని ఆవరణలో, పూతల ప్రయోగశాల అని పెద్ద పేరు పెట్టుకున్న చిన్న రేకుల షెడ్డు అది. కిటికీ గట్టు మీద కిరసనాయిలు డబ్బా, అందులో నానుతున్న వెడల్పాటి కుంచె. మళ్లీ రేపు పనికి కావాలనుకున్న మనిషే కుంచెను అలా కడిగి నానబెడతాడు. పెట్టిన మనిషి, కెమిస్టు కైలాసం, మొన్న సాయంత్రం ఈ షెడ్డు వెనకే ఎత్తైన ఇనుప మంచె కింద తల పగిలి పడి ఉన్నాడు.

ఆసిఫాబాదు నుంచి జీపులో దిగిన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ లక్ష్మీరాజం ఒక సిగరెట్టు కాల్చినంతలో కేసు తేల్చేశాడు. ఇనుముకు తుప్పు పట్టనివ్వని పూత కోసం కైలాసం మూడేళ్లు కష్టపడ్డాడు. ఆ పూత పూసిన రేకుల్ని మంచె మీద ఎండకూ వానకూ వేలాడదీశాడు. రేకులు తుప్పు పట్టాయి. అవమానం తట్టుకోలేక దూకాడు. ఆత్మహత్య.

లింగమూర్తి ఒకప్పుడు పోలీసే. హైదరాబాదు స్టేటు పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చినప్పుడు పైవాళ్లతో పడక ఉద్యోగం వదిలేసి, కరీంనగర్‌లో ప్రైవేటు డిటెక్టివని బోర్డు కట్టుకున్నాడు. అప్పట్లో లక్ష్మీరాజం అతని చేతి కింద పనిచేసినవాడే. చేతి కింద పనిచేసినవాడికి పాత అధికారి కనబడితే ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

అతన్ని పిలిపించింది కైలాసం భార్య గంగుబాయి. పొద్దున లింగమూర్తి గని క్వార్టర్ల దగ్గరికి వెళ్లినప్పుడు ఆమె ఏడవలేదు. ఏడుపు అయిపోయిన మొహం అది.

"దాదా, ఎవరన్న చంపితే చంపిండ్రని చెప్పు. తానే పోతే తానే పోయిండని చెప్పు. నన్ను ఇడిచిపెట్టి కావాలని పోయిండా, లేదా? గంతే నాకు కావాలె."

ఆమె తమ్ముడు సాంబయ్య గనిలో కూలీ. ఇప్పుడు ఆమెకు మిగిలిన తోడు అతనొక్కడే. బావ పోయిన దుఃఖంలో నిన్న పనికి వెళ్లలేదు. ఇవాళ కూడా రాకపోతే నీ జాగాలో ఇంకొకణ్ణి పెట్టుకుంటామని గని మేస్త్రీ చెప్పి పంపాడట. అందుకని మధ్యాహ్నం షిఫ్టుకు పోవడానికి దీపం తుడుచుకుంటూ కూర్చున్నాడు. గనిలోకి మనుషులు దిగేది ఇనుప బోనులో. పైనున్న ఇంజను ఇనుప తాడుతో దాన్ని దింపుతుంది, లాగుతుంది. షిఫ్టు విడిచిన వెంటనే రావాలని, ఎక్కడా ఆగవద్దని అక్క తమ్ముడికి పదే పదే చెప్పింది. అతను చిన్నపిల్లాడిలా సరే సరే అన్నాడు.

అక్కడి నుంచి లింగమూర్తి నేరుగా ఈ షెడ్డుకు వచ్చాడు. గడప దగ్గరే బాలమల్లు ఆపాడు. అతను ఇక్కడ పూత పూసే పనివాడు. గడప పక్కన ముంతలో ఇప్ప నూనె ఉంది.

"చేతులకు జర రాసుకొండి సారు. లేకుంటె రేపటికల్లా పొక్కులు లేస్తయి."

కైలాసం పూతకు మూలం నల్లజీడి. గోండులు అడవిలో ఏరుకొచ్చే ఆ గింజల రసంతోనే చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెడతారు. కైలాసం హుస్నాబాదులో నేతపని ఇంట్లో పుట్టి ఉస్మానియాలో కెమిస్ట్రీ చదివినవాడు. బట్ట చిరిగినా ఆ మచ్చ పోదని చిన్నప్పటి నుంచీ చూసినవాడు. గుడ్డను పట్టుకున్నది ఇనుమును మాత్రం ఎందుకు పట్టుకోదు అని మొదలుపెట్టి, ఆ రసాన్ని అవిసె నూనెతో కాచి, అద్దంలా మెరిసే నల్లటి పూత తయారు చేశాడు. అయితే ఆ రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. అందుకని ఇక్కడ ఎవరు లోపలికి రావాలన్నా ముందు ముంతలో చెయ్యి పెట్టాల్సిందే. కాళ్లు కడుక్కుని ఇంట్లోకి వచ్చినంత అలవాటైపోయింది ఈ పని. గంగుబాయి కూడా రోజూ పొద్దున మొగుడి రెండు చేతులకూ తనే రాసి పంపేదట. లింగమూర్తి కూడా రాసుకున్నాడు.

కుంచెను చూసిన తరువాత అతను గని యజమాని కొండల్‌రావు ఆఫీసుకు నడిచాడు. గనీ ఆయనదే, ప్రయోగశాలా ఆయనదే. ఇన్‌స్పెక్టరు లక్ష్మీరాజం అప్పటికే అక్కడ కుర్చీలో వెనక్కి వాలి చాయ్ తాగుతున్నాడు.

కొండల్‌రావు కైలాసాన్ని తెగ మెచ్చుకున్నాడు. అంతటి తెలివైనవాడు జిల్లాలోనే లేడన్నాడు, కొడుకులా చూసుకున్నానన్నాడు. చచ్చినవాడి కళ్లు చారెడని లింగమూర్తి మనసులో అనుకున్నాడు. బతికి ఉన్నప్పుడు ఆ కొడుక్కి వానకు కురిసే క్వార్టరు ఇచ్చిన తండ్రి ఈయనే.

"ఆ సాయంత్రం కైలాసం మిమ్ముల కలిసిండా?"

"కలువలే. నేను ఇక్కడనే కూసున్న. మొఖం గూడ చూడలే పాపం."

మంచినీళ్లు తాగుతానని లింగమూర్తి మూలనున్న కూజా దగ్గరికి లేచాడు. కూజా కింద నేల తడవకుండా ఒక నల్లరేకు పెట్టి ఉంది. అంచున తుప్పు పెచ్చు, దాని పక్కనే తెల్లటి సుద్ద గీత, సగం చెరిగిపోయి కనబడింది. తుప్పుకు మందు చేయించిన దొర ఆఫీసులో తుప్పు రేకు మీద కూజా! లింగమూర్తికి లోపల నవ్వు వచ్చింది. ఆ నవ్వే అతన్ని మోసం చేసింది. నవ్వకుండా వంగి చూసి ఉంటే కథ మరోలా ఉండేది.

"గనిలకు ఎన్నడు దిగిండ్రు మీరు?"

"నిన్న దిగిన. రోజు దిగుత. నా గని నేను చూసుకోకుంటె ఎవరు చూస్తరు?"

"బోనులనేనా?"

కొండల్‌రావు చేతిలోని చాయ్ కప్పు బల్ల మీద పెట్టి, సాసరును సరిగ్గా జరిపి, అప్పుడన్నాడు.

"మెట్ల దారిల పోయిన. డాక్టరు నడువుమన్నడు. షుగరు."

పాత మెట్ల దారి ఉన్నమాట నిజమే. కాని అది గబ్బిలాల దారి, మోకాళ్లు విరిగే దారి. ఆ మాట లింగమూర్తి చెవిలో పడింది కాని ఇంకా మనసులోకి దిగలేదు. ఇంతలో లక్ష్మీరాజం అందుకున్నాడు. దొర పెద్దమనిషి కాబట్టి జవాబు చెబుతున్నాడని, ఇంకొకరైతే మెడపట్టి గెంటేవారని అన్నాడు.

"కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకు, లింగమూర్తి సాబ్? పంచనామా అయింది. పొద్దుగూకేవరకు రిపోర్టు పోతది. మీరు కరీంనగర్ బస్సు పట్టుకోండ్రి."

"బస్సు చాన సేపు ఉన్నది," అని లింగమూర్తి లేచాడు.

షెడ్డు వెనక మంచె ఎక్కాడు. పైన అడ్డంగా ఇనుప కమ్మీ, దానికి వరుసగా ఐదు కొక్కేలు. రేకులు నాలుగే ఉన్నాయి. ఐదో కొక్కెం ఖాళీ.

తుప్పు నిజమే, కాని రేకంతా లేదు. ఒక్కో రేకు నల్లగా నిగనిగలాడుతూ, ఒక్కచోట మాత్రమే ఉబ్బి అక్కడక్కడ పెచ్చు లేచింది. ఆ చోటు చుట్టూ ఎవరో సుద్దతో గీత గీశారు. లింగమూర్తి మొదటి రేకు గీతను చూశాడు. రెండోది చూశాడు. మూడోది చూసేసరికి అర్థమైంది. అది చెయ్యి. నాలుగు వేళ్లు ఇటు, బొటనవేలు అటు, మధ్యలో అరచెయ్యి. రెండు వానాకాలాలు రేకును నానబెట్టి, ఎవరిదో చెయ్యిని తుప్పుతో గీసి చూపించాయి.

జేబుకత్తి మొన పెచ్చు లేవని ఒక వేలిముద్ర మీద ఆనించాడు. పైన పూత పొర గట్టిగానే ఉంది, కింద ఇనుమే లేదు. కత్తి అవతలికి దిగిపోయింది. ఎర్రటి పొడి రాలింది.

కిందికి దిగి షెడ్డులో ఇంకా పూత పూయని రేకు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. సోడా నీళ్లలో కడిగి అద్దంలా తోమిన రేకు. కిటికీ వెలుగులో వంచి చూశాడు. ఎక్కడ పట్టుకున్నాడో అక్కడ అతని ఐదు వేళ్లూ మసకగా అతుక్కుని ఉన్నాయి. ఇప్ప నూనె.

నూనె అంటినచోట పూత ఇనుమును పట్టుకోదు, లోపల చేరిన తడి అక్కడే తింటుంది. తరువాత బాలమల్లును మంచె మీదికి పిలిచి, రెండో రేకు మీదున్న తుప్పులో చెయ్యి పెట్టమన్నాడు. బాలమల్లు భయపడుతూనే పెట్టాడు. వేలికి వేలు సరిపోయింది. అతను చప్పున చెయ్యి వెనక్కి లాక్కుని పంచెకు తుడుచుకున్నాడు.

"కైలాసం సారు గూడ మొన్న గిట్లనే పెట్టిచ్చిండు. ఐదోది ఆయన చేత్తోని పట్టిన రేకు. దాన్ని చూసి మస్తు నవ్విండు సారు. నా మందు తప్పు గాదు బాలమల్లూ అన్నడు. కింద షెడ్డుల ఉన్న కొత్త రేకు గప్పుడు పూసిందే. చెయ్యి తగలనియ్యలే. పటకారతోనే పట్టిండు. తర్వాత ఒక్కపారి మొఖం తెల్లగ అయింది. ఐదో రేకు పట్టుకొని దొర దిక్కు ఉరికిండు."

"గీ సంగతి ఇన్‌స్పెక్టరుకు చెప్పినవా?"

"అడుగలే సారు."

షెడ్డు మూలన తీగకు వేలాడుతున్న ఆ కొత్త రేకును లింగమూర్తి ఇందాకే చూశాడు, పూత ఇంకా జిగటగానే ఉంది. ఆరాలంటే ఇంకా రెండు రోజులు పడుతుంది. అది ఆరడం చూడాలనుకున్నవాడు మంచె మీద నుంచి దూకడు. గంగుబాయి అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది: నిన్ను విడిచి కావాలని పోలేదమ్మా. ఆ మాట చెప్పగలను కదా అని లింగమూర్తికి ఒక్క నిమిషం గుండె తేలికైంది. ఆ మాటతోపాటే, రోజూ నువ్వు ప్రేమగా రాసిన నూనే ఆయన మూడేళ్ల పనిని తినేసిందని కూడా చెప్పాలి. అది ఎలా చెప్పడమో తెలియలేదు.

కాని మొహం తెల్లబడటం దేనికి? నవ్వినవాడు దొర దగ్గరికి పరిగెత్తడం దేనికి?

"బాలమల్లూ, గీ పూత ఇంకెక్కడన్న పూసిండ్రా?"

"బోను కడ్డీలకు పూసినం సారు. నిరుడు వానలకు ముంగట. తాడుకు బోనును పట్టి ఉంచేటి నాలుగు కడ్డీలు. తోమి, మేమే ఇద్దరిద్దరం పట్టుకొని పూసినం."

"చేతులకు నూనె రాసుకునేనా?"

"రాసుకోకుంటె ఎట్ల సారు?" అన్నాడు బాలమల్లు. అతనికి ఇంకా తెలియలేదు.

గని లోపల ఏడాది పొడవునా నీళ్లు కారుతూనే ఉంటాయి. రేకును తిన్న తుప్పు కడ్డీని ఊరికే వదలదు. మామూలు ఇనుమైతే తుప్పు పైకి కనబడేది, ఎవడో ఒకడు చూసి మార్చేవాడు. ఈ పూత అంత మంచిది కాబట్టే కడ్డీలు పైకి నల్లగా నిగనిగలాడుతూ, చేతులు పట్టుకున్న చోటల్లా లోపల పొడి అయిపోతున్నాయి. కైలాసం మొహం తెల్లబడింది అందుకు. అతను దొర దగ్గరికి పరిగెత్తింది బోను ఆపమని చెప్పడానికి. కడ్డీలు కలకత్తా నుంచి వచ్చేదాకా గని ఆగిపోవాలి. ఆ మాట విన్నాక దొర కైలాసం ఊపిరి ఆపాడు, గనిని ఆపలేదు. మర్నాటి నుంచి తాను మాత్రం మెట్ల దారి పట్టాడు.

సాంబయ్య షిఫ్టు గుర్తొచ్చి లింగమూర్తి మంచె దిగి పరిగెత్తాడు.

ఆఫీసు వరండాలో కొండల్‌రావు, లక్ష్మీరాజం నిలబడి ఉన్నారు. లింగమూర్తి ముందు తలుపులోంచి లోపలికి చూశాడు. కూజా వట్టి నేల మీదే ఉంది, ఐదో కొక్కెం నుంచి పోయిన ఆ రేకు దాని కింద లేదు.

"కూజా కింద రేకు ఏది?"

"ఏ రేకు?" అన్నాడు కొండల్‌రావు.

ఆయనతో లాభం లేదని లింగమూర్తి ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. నూనె సంగతి, రేకుల మీద చేతులు, బోను కడ్డీలు, బాలమల్లు చూసినది అన్నీ గబగబా చెప్పాడు. షిఫ్టు ఆపించమని అడిగాడు. బతిమాలాడు కూడా. ఒకప్పుడు తన ముందు సెల్యూట్ కొట్టినవాణ్ణి బతిమాలడం అతనికి ఆ క్షణంలో చిన్నతనం అనిపించలేదు.

లక్ష్మీరాజం నింపాదిగా విని టోపీ సర్దుకున్నాడు.

"రేకు మీద చెయ్యి కనపడ్డదని గని బందు పెట్టాల్నా? రేపు రొట్టె మీద దేవుడు కనపడ్డడని బజారు బందు పెట్టుమంటవ్. గని ఆపేటి అధికారం నాది గాదు. దొరను అడుగు."

"కడ్డీలు అద్దం లెక్క ఉన్నయి," అన్నాడు కొండల్‌రావు. "పోయి చూసుకో."

"మంచిది దొరా. అట్లయితె పాండ్రి. ఇప్పుడే మీరు నేను ఇద్దరం గా బోనులనే దిగుదాం."

కొండల్‌రావు అడుగు కదపలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి మెడ మీదికి పోయి కండువాను వదులు చేసుకుంది. లక్ష్మీరాజం ఆయన వంక చూశాడు. మొదటిసారి అతని కళ్లలో అనుమానం కదిలింది. ఇంకొక్క మాట పడితే ఆ మనిషి ఇటు తిరిగేవాడేనేమో.

అప్పుడే షిఫ్టు గంట మోగింది.

లింగమూర్తి ఇంజను ఇంటివైపు పరుగు తీశాడు. యాభై దాటిన ఒళ్లు, అడుగు పడ్డచోటల్లా మాంగనీసు రాళ్లు. గేటు దగ్గర గంగుబాయి నిలబడి ఉంది. తమ్ముడు మరిచిపోయిన సద్ది గిన్నె ఆమె చేతిలో ఉంది. బోను ఎక్కేశాడట, ఇవ్వలేకపోయిందట. ఏదో అడగబోయింది, అతను ఆగలేదు.

ఇంజను ఇంట్లో పెద్ద చక్రం జోరుగా తిరుగుతోంది. తాడు కిందికి జారిపోతోంది. నడిపే బుచ్చిరాములు ముసలివాడు, పోలీసు నడకను దూరం నుంచే గుర్తుపట్టే కాలంలో పెరిగినవాడు. వాకిట్లో ఎర్రబడ్డ మొహంతో, గాలిలోకి ఎత్తిన చేతులతో ఆ మనిషి కనబడగానే హడలిపోయాడు.

"ఆపు! బోను ఆపు!"

మెల్లగా ఆపమని అనాల్సింది. ఆ ఒక్క మాట లింగమూర్తి నోటికి రాలేదు. బుచ్చిరాములు రెండు చేతులా బ్రేకు పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఒక్కసారి లాగాడు.

చక్రం కీచుమని నిలిచిపోయింది. జోరుగా దిగుతున్న బరువు తాడును పట్టి గుంజింది. తాడు వీణ తీగలా వణికింది. తరువాత వణకడం మానేసింది. గని నోటిలోంచి చాలా కిందగా, ఇనుము రాతికి రాసుకుంటూ పోతున్న చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు అయిపోవడానికి చాలాసేపు పట్టింది.

బుచ్చిరాములు బ్రేకు మీద చెయ్యి అలాగే ఉంచి, వదులుగా వేలాడుతున్న తాడు వంక చూశాడు.

"బరువు లేదు సారు," అన్నాడు.

జనం వచ్చారు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారు. గని నోటి చుట్టూ ఆడవాళ్లు పేర్లు పెట్టి పిలుస్తున్నారు. లోపలి నుంచి ఏ పేరుకూ జవాబు లేదు. లింగమూర్తి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇంకొకరు చేసిన పాపాన్ని వెతుక్కుంటూ వచ్చి, దాన్ని తన చేత్తోనే పూర్తి చేసినట్టు అనిపించింది. కడ్డీలు ఎలాగూ రేపో ఎల్లుండో తెగేవే. ఆ మాట నిజమే, కాని ఇప్పుడు అది వినేవాడెవడు?

కొండల్‌రావు వచ్చాడు. వెంట లక్ష్మీరాజం ఉన్నాడు. దొర కళ్లు తుడుచుకున్నాడు. తరువాత అందరికీ వినబడేలా, మెత్తగా అడిగాడు.

"మంచిగ పోతున్న బోనును నడిమిట్ల ఎవరు ఆపుమన్నరు, బుచ్చిరాములు?"

బుచ్చిరాములు అబద్ధం చెప్పే మనిషి కాదు. వేలు ఎత్తి లింగమూర్తిని చూపించాడు.

జనం తిరిగి చూశారు. వాళ్లలో గంగుబాయి ఉంది, సద్ది గిన్నె ఇంకా చేతిలోనే ఉంది. ఆమె ఆ వేలును చూసింది, తరువాత లింగమూర్తిని చూసింది. వరండాలో ఇన్‌స్పెక్టరు కళ్లలో కదిలిన ఆ కాస్త అనుమానమూ ఇప్పుడు లేదు. అతను ముందుకొచ్చి తన పాత అధికారి మణికట్టు పట్టుకున్నాడు. నూనెకు చెయ్యి జారింది. ఈసారి గట్టిగా పట్టుకున్నాడు.